గుడ్డుకు ఎరుకే

పోయిన వారం మా పాల్వంచ ఇంటికి టై కట్టుకున్న కుర్రాడొకడు, చుట్టచుట్టిన చాప చంకన పెట్టుకుని వచ్చాడు. ఎండన పడి వచ్చాడు కదా అని మజ్జిగ ఇచ్చాను. గ్లాసు కింద పెట్టాడో లేదో చాపను హాల్లో పరిచేసి, "మేడం, ఇది మామూలు చాప కాదు, క్వాంటం చాప" అన్నాడు. రోజూ అరగంట దాని మీద పడుకుంటే ఒంట్లో కణాలన్నీ లేచి కూర్చుంటాయట. మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ, అన్నీ చాప కిందికి దిగిపోతాయట. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి ఇంట్లో ఆ మాట అనడం ఆ పిల్లాడి ఖర్మ. కణం అంటే ఏ కణం బాబూ, రక్తకణమా, ఎలక్ట్రానా అని అడిగాను. ఏమాత్రం తడుముకోకుండా "రెండూ మేడం" అన్నాడు. క్వాంటం అంటే ఏమిటి మరి అన్నాను. "మనం ఎట్ల అనుకుంటే గట్ల అయితది మేడం, గదే క్వాంటం. సైంటిస్టులే జెప్పిండ్రు" అన్నాడు. నీ జేబులో ఫోనుంది చూడు, అసలు క్వాంటం అందులో ఉంది. దుకాణంలో సరుకు మీద ఎర్రగీత పడేసి ధర చదివే మిషన్లో ఉంది. ఈ చాపలో ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు అని చెప్పాను. వాడు ఓపికగా విని, "ఒక్కసారి పండుకొని సూడుండ్రి మేడం" అన్నాడు. పడుకున్నాను కూడా. నడుం పట్టేసింది. లేవడానికి వాడే చెయ్యిచ్చాడు.

వాణ్ణి కసిరి పంపాల్సిందే, కానీ నోరు రాలేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాంటి చాప అమ్మినదాన్నే. కొన్నది మా నాయనమ్మ.

మా ఊరు పినపాక దగ్గర, అడవి అంచున. నాయనకు మణుగూరు బొగ్గుబాయిలో పని. షిఫ్టు దిగి సైకిల్ మీద ఇల్లు చేరేసరికి కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉండేది. ఎంత సబ్బు రుద్దినా చొక్కాకు బొగ్గు వాసన వదిలేది కాదు. ఎండాకాలం అమ్మ పొద్దు పొడవకముందే బీడీల తునికాకు కొయ్యడానికి అడవికి పోయి మిట్టమధ్యాహ్నానికి ఆకు మూటతో వచ్చేది. ఆరబెట్టి గంపలకెత్తిన ఇప్పపువ్వు వాసన ఇల్లంతా తీయగా, మత్తుగా పరుచుకుని ఉండేది. ఆ వాసన నాకు ఇప్పటికీ ఎక్కడ తగిలినా ముందు గుర్తొచ్చేది అడవి కాదు, మా నాయనమ్మ ముత్తమ్మ. సన్నగా, పొడుగ్గా, నోట్లో ఎప్పుడూ చుట్టతో ఉండేది. దగ్గొస్తే "చుట్ట దగ్గే" అని తానే తేల్చి చెప్పి, ఆ దగ్గు తగ్గడానికి ఇంకో చుట్ట ముట్టించేది.

ఆమె రాజ్యమంతా కోళ్ళ మీదే. పొదుగు కోడిని కూర్చోబెట్టడం ఆమె ఒక పూజలాగా చేసేది. వెదురు గంపలో అడుగున తడి ఇసుక, దాని మీద వరిగడ్డి, గడ్డి మీద బేసి లెక్కన గుడ్లు, పదకొండో పదమూడో. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని వాటి మధ్యన ఒక ఇనుప ముక్క, రెండు ఎండు మిరపకాయలు, ఒక బొగ్గు. మిగతా ఇళ్ళల్లో పొయ్యిలోని బొగ్గు వేసేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం నాయన చొక్కా జేబు దులిపి, బాయి బొగ్గు పలుకు ఏరి వేసేది. "భూమి కడుపుల కెళ్ళి వచ్చిన బొగ్గు. ఉరుముకు ఇది భయపడ్తదా?" అనేది. ఇక ఇరవై ఒక్క రోజులు ఆ గంప వైపు ఎవరూ తొంగి చూడకూడదు, కోడిని లేపకూడదు, ఎన్ని పిల్లలవుతాయని అడగనైనా అడగకూడదు. చిన్నప్పుడు ఒకసారి కోడి కింద చెయ్యిపెట్టి చూసినందుకు, ముందు కోడి పొడిచింది, తర్వాత చీపురుకట్టతో నాయనమ్మ రెండు అంటించింది. కోడి దెబ్బే నయం.

నేను ఖమ్మంలో డిగ్రీ చివరి ఏడు చదువుతూ ఎండాకాలం సెలవులకు వచ్చాను. అప్పటికి క్వాంటం మెకానిక్స్ కొత్తగా తలకెక్కి ఉంది. కొత్త గాజులు వేసుకున్న పిల్ల ఊరికే చెయ్యి ఊపినట్టు, ఎవరు కనిపిస్తే వాళ్ళకు చెప్పాలని ఒకటే తహతహ. అమ్మ అడవిలో, నాయన బాయిలో. మిగిలింది చింతపండులో గింజ తీస్తూ కూర్చున్న నాయనమ్మ. ఆమె ముందు నేల మీద బొగ్గుతో ఒక గోడ గీశాను, గోడకు రెండు సన్నని సందులు పెట్టాను. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా వదిలినా సరే, ఏ సందులోంచి పోయిందో ఎవరూ చూడకపోతే, ఒక్కటే రెండు సందుల గుండా పోయినట్టు అవతల తెర మీద చారలు పడతాయని, కాపలా పెట్టి చూశామా, ఆ చారలు మాయమై ఒక్క సందులోంచే పోతుందని చెప్పాను. నాయనమ్మ కళ్ళు పెద్దవి చేస్తుందనుకున్నాను. ఆమె గింజ తీయడం కూడా ఆపలేదు. "మీ తాత గూడ గంతేనే. సూసేటోళ్ళుంటె ముందు దర్వాజ కెళ్ళి సక్కగ చెల్కకు పోయేటోడు. లేకపోతే ఏ దర్వాజ కెళ్ళి కల్లుకు తాళ్ళల్లకు పోయిండో దేవునికే ఎరుక" అంది.

సరే, ఈ ముసలామె సామాన్యురాలు కాదని ఇంకా లోతుకు దిగాను. దీనికి అర్థమేమిటో పెద్ద పెద్దవాళ్ళకే కుదరలేదని, చూడడం వల్లే అది ఒక తీరుకు వస్తుందని కొందరంటే, లేదు లేదు, రెండూ జరుగుతాయి, లోకమే రెండుగా చీలి ఒక్కో దాంట్లో ఒక్కొక్కటి జరుగుతుందని ఇంకొందరంటారని, అర్థాలు అడగకుండా నోరు మూసుకుని లెక్కలు చెయ్యమని మా లెక్చరర్ అంటాడని చెప్పాను. నాయనమ్మకు రెండో మాట నచ్చింది. "అయితే ఇంకో లోకంల మీ తాత బతికే ఉన్నడా?" అని అడిగింది. ఉండొచ్చన్నాను. ఇంకో గింజ తీసి, "పాపం, ఆ లోకంల నేను ఎట్ల ఏగుతున్ననో" అంది.

అప్పుడే ఆ మాట వచ్చింది. చింతపండు చెయ్యి దులుపుకుని, మూలన గంపలో కూర్చున్న కోడిని గడ్డంతో చూపించింది. "గింతేనా నీ సదువు? నా గుడ్డు గూడ గంతే గద. పొదిగేసినంక అది పిల్లా గాదు, మురుగూ గాదు. రెండూ. నడుమ సూసినవా, ఖరాబ్." నేను కాదు అనాలి. గుడ్డులో పిల్ల ఉందో, మురిగిందో లోపల ఎప్పుడో తేలిపోయి ఉంటుంది, తెలియనిది మనకే. ఎలక్ట్రాన్ సంగతి అది కాదు, అక్కడ తేలకపోవడం మన తెలియనితనం ఒక్కటే కాదు, గొడవంతా అదే. ఆ తేడా నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ మా నాయనమ్మకు క్వాంటం అర్థమైందన్న సంతోషం, చెప్పింది నేనన్న గర్వం, రెండూ కలిసి నెత్తికెక్కాయి. "అవ్ నాయనమ్మా, అచ్చం గంతే!" అని అరిచాను.

వారం తిరగకముందే ఆ విద్య వాడకట్టంతా పాకింది. పక్కింటి రాజయ్య చిన్నాయన ఒక సాయంత్రం తూలుతూ ఇంటికి చేరాడు. వాళ్ళావిడ లచ్చక్క తాగొచ్చినవా అని నిలదీస్తే, "నువ్వు సూసినవా? సూడనంత సేపు తాగినోణ్ణి, తాగనోణ్ణి, రెండూ నేనే. ముత్తవ్వ మనుమరాలు కాలేజీల సదివొచ్చింది, పోయి అడుగు" అన్నాడట. లచ్చక్క గరిటె చేత్తోనే మా వాకిట్లోకి వచ్చింది. "ఏం సదువే సరోజా గది? మొగోళ్ళకు తాగ నేర్పే సదువా?" అని నన్ను దులిపేసింది. ఆ గొడవ నా లెక్కల్తో తేలలేదు. మొగుణ్ణి దగ్గరికి లాగి నోరు వాసన చూసి ఆవిడే తేల్చుకుంది. నేను, నాయనమ్మ గోడ చాటున పడీపడీ నవ్వాం. నవ్వీ నవ్వీ నాయనమ్మకు దగ్గొచ్చింది. ఎంతకీ ఆగలేదు. కొంగుతో నోరు తుడుచుకుని, కొంగును చటుక్కున మడిచి దోపుకుంది.

నాయనకు బాయి సెలవున్న రోజు సంగతి బయటపడింది. అన్నం తింటూ, "అమ్మా, దవాఖాన్ల కాగితం తెచ్చుకున్నవా?" అని అడిగాడు. "ఇంక రాలేదంట" అంది నాయనమ్మ. నేను రాకముందే, దగ్గు వారాల తరబడి తగ్గకపోతే నాయనే మణుగూరు తీసుకుపోయి చూపించాడట. టీబీ కావచ్చని చిన్న డబ్బాలో కళ్ళె పట్టించుకుని, చీటీ ఒకటి రాసిచ్చి, ఆ చీటీ చూపిస్తేనే రిపోర్టు ఇస్తాం, మూడు రోజులాగి రమ్మన్నారట. నాయన షిఫ్టులో ఉంటాడు కాబట్టి, నేనే పోయి తెచ్చుకుంటానని నాయనమ్మ చీటీ తన దగ్గరే పెట్టుకుంది. నాయన చెయ్యి కడుక్కుని పోగానే, నిజంగనే రాలేదా అని గట్టిగా అడిగాను. నాయనమ్మ నవ్వింది. కొంగు ముడిని వేలితో తట్టింది.

"వచ్చే ఉంటది. నేనే పోలే. సూస్తే ఒక్కటే అయితదంటివి గద. సూడకపోతే రెండూ. రెండిట్ల ఒకటి మంచిదే గదనే. గట్లనే ఉండనియ్యి."

అది ఎలక్ట్రాన్ల సంగతి నాయనమ్మా, మనుషులది కాదు అన్నాను. మనుషులు దేనితో అయ్యారు అంది. వాటితోనే అన్నాను. "మరి?" అంది. అలా కాదు, మనిషి పెద్దది, గాలి, ఎండ, దుమ్ము, కోళ్ళు అన్నీ నిన్ను ఎప్పుడూ తాకుతూనే ఉంటాయి, తాకడమంటే చూసినట్టే లెక్క, అందుకే పెద్దవాటిల్లో ఈ రెండూ అనేది నిలవదు అని చెమటలు పట్టేలా చెప్పాను. "కోళ్ళు సూస్తే సరిపాయె. ఇగ డాక్టర్ ఎందుకు?" అంది. ఛీ, నా చదువుకు అంతకంటే పెద్ద ఓటమి ఆ తర్వాత ఏ యూనివర్సిటీలోనూ ఎదురు కాలేదు.

నాయనకు చెప్తే రెక్క పట్టుకుని బస్సెక్కించేవాడు. నేను చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పాలి. మా బిడ్డ పెద్ద సదువు సదువుతున్నదని బాయి మీద అందరికీ చెప్పుకునే మనిషికి, నీ బిడ్డ చదువు ఇదీ అని ఏ మొహంతో చెప్పను? ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూ పదిరోజులు గడిపాను. ఆ పదిరోజులకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. నాయనమ్మ ఈలోగా ఉక్కపోస్తోందన్న వంకతో తన మంచం కోళ్ళగూడు పక్కకు మార్చుకుంది. తాగే చెంబు కూడా వేరే పెట్టుకుంది. వయసు చాదస్తం అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం అమ్మ తునికాకు కట్టలు కడుతోంది. పొదుగు కోడి మేతకు దిగి పెరట్లో తవుడు పొడుచుకుంటోంది. ఇంటి వెనక చప్పుడైతే పోయి చూశాను. మా నాయనమ్మ గొంతుక్కూర్చుని, సత్తుగిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పొదుగు గుడ్లను ఒక్కొక్కటే అందులో వదులుతోంది. నీళ్ళలో గుడ్డు కాసేపు ఊరికే ఉండి, లోపలెవరో భుజంతో తోసినట్టు చిన్నగా కదులుతోంది. కదిలిన గుడ్డును కొంగుతో తుడిచి పక్కన పెడుతోంది. రెండు గుడ్లు మాత్రం ఎంతసేపైనా కదల్లేదు. వాటిని దూరంగా పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సూడొద్దని నన్ను సీపిరితోని గొట్టిన దానివి, నువ్వే సూస్తున్నవేంది?"

"పందొమ్మిదో దినం సూడాలె. మురిగింది తియ్యకపోతే టప్పున పల్గుతది. పక్కయన్ని ఖరాబ్ జేస్తది."

"మరి పిల్లా గాదు, మురుగూ గాదు, రెండూ అంటివి?"

నాయనమ్మ తలెత్తి నన్ను జాలిగా చూసింది. "గుడ్డుకు ఎరుకే గదనే, దాని లోపట ఏమున్నదో. ఎరుకలేంది నాకే. గంత పిచ్చిదాన్ననుకున్నవా?"

మూడేళ్ళ డిగ్రీ చదువు తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. చింతపండు గింజలు తీసిన రోజు నేను చెప్పకుండా మింగిన మాట అదే. ఆమె పక్కన కూలబడ్డాను. "మరి నీ దగ్గు?" అన్నాను. ఆమె నీళ్ళలో వేలు పెట్టి తిప్పింది. "దానికి గూడ ఎరుకే" అంది. "నాకు భయమైంది బిడ్డా. నీ మాట దొరికింది, పట్టుకున్న."

"అందుకేనా మంచం ఈడ ఏసుకున్నవ్?"

"పక్కయి ఖరాబ్ గావద్దు గద" అంది, గుడ్లు గంపలోకి సర్దుతూ. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఏడిస్తే కన్నీళ్ళు గుడ్ల మీద పడతాయి, అవతలికి పో అని కసిరింది. నేను ముక్కు తుడుచుకుంటుంటే, ఉన్నట్టుండి "మరి నీ ఎలక్ట్రాన్‌కు ఎరుక లేదా?" అని అడిగింది. లేదట, దానిక్కూడా లేదట, ఎన్నో తీర్ల పరీక్ష పెట్టి చూశారట అన్నాను. "పాపం" అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో పిల్లలు లేచి, "మేడం, మనకు ఎరుకలేదంతేనా, లేకపోతే దానికే ఎరుక లేదా?" అని అడుగుతారు. అలా అడిగిన పిల్లను నేను ఎన్నడూ మర్చిపోలేదు. ఇప్పుడు అదే పాఠాన్ని ఫోన్‌లో రంగు రంగుల బొమ్మలతో ఎవరైనా చూడొచ్చు. మేం బోర్డు మీద గీసిన రెండు సందుల గోడ కంటే అవి వందరెట్లు నయం, అసూయతోనే ఒప్పుకుంటున్నాను. దవాఖానా కాగితాలు కూడా ఇప్పుడు ఫోన్‌కే వస్తున్నాయి. టింగుమని మోగితే కూర తాలింపు వేస్తూనే ఒక చేత్తో తెరిచి చూసుకుంటున్నాం. సుఖమే. అప్పుడైతే బస్సెక్కి పోయి, కిటికీ ముందు వరుసలో నిలబడాలి. ఒక్కళ్ళం పోయేవాళ్ళం కాదు, ఎవరో ఒకరు తోడు రావాల్సిందే. అది కష్టమో, అదృష్టమో ఈ వయసులో కూడా తేల్చుకోలేకుండా ఉన్నాను.

గుడ్లు చూసిన మర్నాడు పొద్దున్నే నేను, నాయనమ్మ మణుగూరు బస్సెక్కాం. నాయనకు ముందే అన్నీ చెప్పేశాను. తిట్టలేదు, చార్జీలకని జేబులో చెయ్యి పెట్టి చిల్లర తీసిచ్చి తల తిప్పుకున్నాడు. అంతకంటే తిడితేనే బాగుండేది. దవాఖానా కిటికీ దగ్గర నాయనమ్మ కొంగు ముడి విప్పి, చెమటకు తడిసి మెత్తబడ్డ చీటీ ఇచ్చింది. లోపలి మనిషి కట్టలోంచి ఒక కాగితం వెతికి, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని విసుక్కుని, మడత పెట్టి చేతిలో పెట్టాడు. నాయనమ్మ దాన్ని నాకిచ్చింది. చదువు రాదని కాదు అనుకుంటా. నా రెండు భుజాలూ పట్టుకుని తన ఎదురుగా, వెలుతురు పడేట్టు నిలబెట్టుకుంది.

"నువ్వు కాగితం సూడు. నేను నీ మొఖం సూస్త."

ఏముందో ఏమో, నా మొహంలో మాత్రం ఏమీ తెలియనివ్వకూడదని బస్సులోనే గట్టిగా అనుకున్నాను. కాగితం విప్పాను. ఒకసారి చదివాను. తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటి నుంచి చదివాను. తలెత్తకుండా మూడోసారి చదువుతుంటే, ఆమె చేతులు నా భుజాల మీద కొద్దిగా బరువెక్కాయి.

"ఉన్నదన్నట్టే" అంది. గొంతు మామూలుగానే ఉంది. "సరే మరి. మందులేడ ఇస్తరో అడుగు పో బిడ్డా. ముందుగాల జెరన్ని నీళ్ళు తాగు, పెదాలు ఎండిపోయినయ్ నీకు."

నెలల తరబడి గుప్పెడు గుప్పెడు మాత్రలు మింగింది, డాక్టర్లను నానా తిట్లూ తిట్టింది, ఒక్క పూట ఎగ్గొట్టలేదు. మనిషి మళ్ళీ కోలుకుంది. నా పెళ్ళయి అప్పగింతల వేళ అమ్మ, లచ్చక్క, అందరూ గొల్లుమంటుంటే, ఆమె మాత్రం ఏడవకుండా జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, చాలాసేపు చూసింది. "మంచిగనే ఉంటవ్, పో" అంది. ఏం చూసిందో నాకు తెలియదు గానీ, ఉన్నాను.